నొక్కేసిన ముళ్లు

గడియారాలాయనతో కాపురంలో ఆయన భార్యకున్న కష్టం ఒక్కటే. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. పాలు పొంగిపోతే అది పొయ్యి చేసిన పని. బస్సు దాటిపోతే డ్రైవరుకు తొందరెక్కువ. గడప తగిలి కాలివేలు కమిలితే ఆ గడప బిగించిన వడ్రంగికి పని రాదు. ఆయన బాగుచేసి ఇచ్చిన వాచీ మళ్లీ వెనకబడిందంటే, పెట్టుకున్న మనిషికి చెయ్యి ఊపుతూ నడవడం చేతకాలేదన్నమాట. ఇలాంటి నిర్దోషితో ఒకే కప్పు కింద ఉండటం ఎంత నరకమో వేరే చెప్పాలా? ఇంట్లో జరిగే తప్పులన్నీ మిగిలిన ఆ ఒక్క మనిషి నెత్తినే కదా పడేది!

ఆ మనిషి వాటిని నవ్వుతూనే మోసింది, చొక్కా సంగతి జరిగేవరకూ.

సెలవు దొరికితే చెరువుకు పోయి గాలం వేయడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. ఓసారి అలా వెళ్లొచ్చి, చొక్కా విప్పి బాల్చీలో పడేశాడు. ఆవిడ సబ్బు పెట్టి ఒక్క రుద్దు రుద్దిందో లేదో, జేబులో ఉండిపోయిన గాలం చూపుడువేల్లో దిగబడింది. అది సూదిలాంటిదైతే పీకి పారేసేది. కానీ గాలం మొన పక్కన, వెనక్కి తిరిగి చిన్న ముల్లొకటి ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు ఒదిగి ఉంటుంది, బయటికి లాగితే కండను పట్టుకుంటుంది. చేప జారిపోకుండానట ఆ ఏర్పాటు. ఆసుపత్రిలో వేలు కోసి తీసి, కుట్లు వేశారు. అంతసేపూ ఆయన పక్కనే నిలబడ్డాడు. ఆవిడకంటే ఆయన మొహమే ఎక్కువ పాలిపోయింది. తీరా బయటికొచ్చాక అన్న మాట మాత్రం ఇదీ:

"వేలు చూసుకుని ఉతకాలి కదే!"

కట్టు విప్పిన మర్నాడు, ఆయన దుకాణానికి పోయాక, ఆవిడ గాలాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఆయన పాత పనిముట్లలోంచే ఒక బుల్లి ప్లయర్స్ తీసి, బియ్యంలో రాళ్లేరినంత శ్రద్ధగా, ఒక్కో గాలానికీ ఉన్న ఆ వెనకముల్లును నొక్కి చదును చేసేసింది. ఒక్కదాన్నీ వదల్లేదు. డబ్బాను ఉన్నచోటే సర్దేసి, తీరిగ్గా టీ కాచుకు తాగింది.

అప్పట్నుంచి ఆయన గాలానికి పడ్డ చేపలు పడ్డట్టే పడి జారిపోవడం మొదలుపెట్టాయి. ఒడ్డుదాకా వచ్చి, ఆయన మొహం ఓసారి చూసుకుని, వెనక్కి మళ్లేవి. తప్పు ఆయనది కాదు కాబట్టి ఎవరిదో ఒకరిది అయి తీరాలి. ఎరది అన్నాడు. ఎండది అన్నాడు. దారం అమ్మినవాడి దగ్గరికి పోయి పోట్లాడి వచ్చాడు. గాలాన్ని మాత్రం అనుమానించలేదు. అది తను ఏరి కొన్నది మరి. దుకాణంలో కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత చక్రాల తప్పులు పట్టే మనిషి, చెరువు గట్టున ఆ గాలం వైపు కన్నెత్తి చూసిందే లేదు.

చెరువుకు తోడు వెళ్లే ఆవిడ, వచ్చే దారిలో బజారులో చేపలు కొని వండేది.

"మనం పట్టినవైతే ఇంకా రుచిగా ఉండేవి," అనేవాడాయన ముళ్లు తీసుకుంటూ.

"మరే," అనేది.

ఓ ఆదివారం చెరువుకు ఆవిడ తమ్ముడు కూడా వచ్చాడు. లారీ తోలుతాడు. తలుపులో వంగితే గానీ పట్టని ఆకారం. అక్కా తమ్ముడూ గట్టు మీద తుండు పరుచుకుని ఉడికించిన గుడ్లు ఒలుచుకుంటున్నారు.

"అక్కా, బావ ఇవాళైనా పడతాడంటావా?"

"నీళ్లలోనా?"

"నవ్వండి నవ్వండి," అన్నాడాయన. "ఒరేయ్, లేచి రా. నీకు నేర్పిస్తే గానీ నోరు మూతపడదు. గాలం విసిరేముందు వెనక ఏముందో చూసుకోవాలి. అదీ మొదటి పాఠం."

అంటూనే, వెనక్కి చూడకుండా కర్ర ఝాడించాడు. వెనకాల ముళ్లపొద గాలాన్ని గట్టిగా పట్టుకుంది.

"దీనికి మొలవడానికి ఇంకెక్కడా చోటే దొరకలేదా!" అని విసుక్కుంటూ పోయి, చేత్తో పట్టి గుంజాడు. పొద వదిలింది. గాలం వచ్చి ఆయన కుడి బొటనవేలి కొసలో, వంపుదాకా దిగిపోయింది.

"ఏమైంది బావా?" అని వంగి చూసిన తమ్ముడు ఎర్రటి చుక్కను చూశాడు. "అక్కా..." అన్నాడు చిన్నపిల్లాడిలా. మెల్లగా కూలబడి, ఆపైన వెల్లకిలా పడుకుండిపోయాడు. చిన్నప్పట్నుంచీ అంతే. వాడికి రక్తం పడదు.

ఆవిడ వాడి తల కింద తుండు దోపి, మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

ఆ బొటనవేలు మామూలు వేలు కాదు. దాని కొసకూ చూపుడువేలికీ మధ్య పట్టకారు పట్టుకుని, కంటికి ఆననంత మరల్ని తిప్పితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

"ఆసుపత్రికి పోదాం పదండి."

"పోతే ఏం చేస్తారు? కోస్తారు, కుడతారు. నీకిప్పటికీ ఆ వేలితో సూది పట్టుకుంటే తిమ్మిరే కదా. దారం ఎక్కించడానికి నువ్వు పడే పాట్లు చూట్టంలేదనుకున్నావా? నా వేలికి అదే వస్తే ఇక దుకాణం మూసుకోవడమే." నుదుటి మీద చెమట కారుతున్నా గొంతు మాత్రం మాస్టారిదే. "లాగితే ముల్లు కండను చీలుస్తుంది. అందుకని ముందుకే తోసెయ్యాలి. మొన అవతలపక్క పొడుచుకొచ్చాక ముల్లు కత్తిరించి వెనక్కి తీయాలి. ఆ గాలాల డబ్బాలోని ప్లయర్స్ ఇటియ్యి."

ఆవిడ ఇవ్వలేదు. తనే తీసుకున్నాడు ఎడంచేత్తో. గాలాన్ని పట్టి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఇంకో క్షణం ఆవిడ నోరు మూసుకుంటే రహస్యం దక్కుతుంది. ఆ వేలు మాత్రం ఊరికే ఇటునుంచి అటుదాకా తూట్లు పడుతుంది.

"ఆగండి! దానికి ముల్లు లేదు."

ఆయన ఒక కన్ను తెరిచాడు. "గాలానికి ముల్లుండకపోవడమేమిటి?"

"ఉండేది."

"ఉండేదంటే?"

"నేను నొక్కేశాను."

"దీన్నా?"

"అన్నిటినీ. కట్టు విప్పిన మర్నాడు."

చెరువులో ఒక చేప, అక్కర్లేకపోయినా, ఎగిరి పడింది.

"అంటే ఆవేళ ఒడ్డుదాకా వచ్చి పోయిన ఆ పెద్దది..."

"ఊఁ."

"వానలో తడుస్తూ పట్టింది?"

"అదీనూ."

"దారం అమ్మినాయనతో అంత పోట్లాట పెట్టుకున్నానే!"

"పాపం, చాలా మంచాయన. కోపం తర్వాత పడుదురుగాని, ముందు వేలిటివ్వండి."

ఆయన ఆవిడ వైపు చూశాడు, వేలి వైపు చూశాడు. ప్లయర్స్ కింద పెట్టాడు. దుకాణంలో ఎవర్నీ తాకనివ్వని ఆ చేతిని తెచ్చి ఆవిడ అరచేతిలో ఉంచాడు.

ఆవిడ సీసాలో మంచినీళ్లతో కడిగింది. గాలం ఏ వంపు తిరిగి లోపలికి పోయిందో, అదే వంపున నెమ్మదిగా వెనక్కి తిప్పింది. ఎక్కడా పట్టుకోలేదు. వెంట్రుకల్లోంచి పిన్ను వచ్చినట్టు వచ్చేసింది. వెనకాలే ఒక్క చుక్క రక్తం. ఉతికిన రుమాలు మడిచి అదిమి పట్టింది.

"వేలి కొస, చూపుడువేలికి ఆనించి చూడండి. తెలుస్తోందా?"

ఆనించి చూశాడు. మళ్లీ చూశాడు. "తెలుస్తోంది."

"హమ్మయ్య. పోతూ పోతూ ఇంజక్షను చేయించుకుందాం."

"ఊఁ," అన్నాడు బుద్ధిగా.

కాసేపాగి జేబులోంచి భూతద్దం తీశాడు. సెలవురోజైనా అది జేబులో లేకపోతే ఆయనకు తోచదు. కంటికి బిగించుకుని గాలాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్కడా గాటు పడకుండా నొక్కావే. పనికి పెట్టుకోవచ్చు నిన్ను."

"జీతం మాటేమిటి?"

ఆయన నవ్వబోయాడు. గాలాన్ని అందించబోతూ, పుచ్చుకోవడానికి చాపిన ఆవిడ చూపుడువేలు అద్దంలో పెద్దదై కనిపించి, ఆగిపోయాడు. వేలి చివర తెల్లటి గీత. దానికి అటూ ఇటూ కుట్ల గుర్తులు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోబోయినా ఆయన పట్టుకుని వదల్లేదు. గిరాకీ తెచ్చిచ్చిన వాచీని కూడా అంతసేపు చూసి ఉండడు.

ఆవిడ తీర్పు కోసం ఎదురుచూసింది. బహుశా సబ్బుది తప్పయి ఉంటుంది.

"మచ్చ... కాస్త పెద్దదే పడింది," అన్నాడు.

"ఆఁ."

"ఆ చొక్కా జేబు..."

"జేబుది తప్పంటారా?"

గట్టు మీంచి, కళ్లు తెరవకుండానే, తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, రక్తం ఆగిందా?"

"ఆగిందిరా. నువ్వలాగే పడుకో. మీ బావ ఏదో చెప్పబోతున్నారు."

ఆయన భూతద్దం తీసేశాడు. అద్దం లేకుండా ఆ వేలిని చూడటం ఇంకా కష్టంగా ఉన్నట్టు, రెండు చేతుల్లోనూ పొదివి పట్టుకున్నాడు.

"జేబులో గాలం మర్చిపోయింది నేనే," అన్నాడు. "తప్పు నాదే. నీ వేలిది కాదు."