ఒక్కసారి జరిగింది చిక్కదు

మా పాత ఇనుము కొట్టులో సముద్రం ఉంది, మోకాలి లోతు, తడి మాత్రం తగలడం లేదు; విరిగిన ఫ్యాన్లూ సైకిలు చక్రాలూ పక్కకు నెట్టుకుంటూ నడుస్తుంటే కొట్టు గోడలు జరిగి జరిగి తమ్ముడి ప్రయోగశాల గోడలైపోతున్నాయి, మధ్యలో వాడి యంత్రం, మనిషిని మించిన ఉక్కు స్తంభం, నిన్న లారీలో తుక్కుగా నా దగ్గరకే వచ్చింది, పగలగొట్టించాల్సింది నేనే, దాని పక్కన స్టూలు మీద కూర్చుని నూకరాజు టీ తాగుతున్నాడు. వాడు పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు. ఆ మాట పెద్ద అడ్డుగా అనిపించదు.

"అన్నయ్యా, కాలు జాగ్రత్త, వైర్లున్నాయి."

"సచ్చినోడివి, నాకు జాగర్తలు సెప్తన్నావేటిరా?"

నవ్వుతాడు. చేతిలో గ్లాసు జారి టంగుమని పడుతుంది, చూస్తే మళ్ళీ చేతిలోనే ఉంటుంది.

"ఇన్నేళ్ళూ ఇందులో ఏటి సూసినావురా?"

"వెలుగు తగిలితే ఎలక్ట్రాన్ ఎటు కదుల్తాదో. రెప్పపాటుని కోట్ల కోట్ల ముక్కలు చేస్తే, ఒక్క ముక్కలో అయిపోద్ది. ఆ ముక్కకి ఫొటో తియ్యాల."

"తీస్తే? ఎవడింట్లో కుండ ఉడుకుద్ది?"

"తెలీదు. ముందే తెలిసిపోతే ఇంక చూడ్డమెందుకు?"

ఎప్పుడూ ఇదే జవాబు. ఏడో తరగతిలో నేను పుస్తకం వదిలి సమ్మెట పట్టింది వీడిచేత 'తెలీదు' అనిపించడానికా? "ఉపయోగం లేని సదువు" అంటాను, అంటుండగానే గది నిండా కోట్లు తొడుక్కున్న పెద్దలు, ఈ ప్రయోగశాల మూయించినవాళ్ళు, ఎవరికీ ముఖాల్లేవు, అందరూ నా గొంతుతోనే "ఉపయోగం లేదు, ఉపయోగం లేదు" అంటూ ఒక్కొక్క స్విచ్చీ ఆర్పుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేనంటే అన్నను, మెతుకు పెట్టినవాణ్ణి, అంటాను. వీళ్ళెవరు అనడానికి?

"పొండ్రా!" అని అరిస్తే నీళ్ళలో కరిగిపోతారు.

గ్లాసు మళ్ళీ పడుతుంది. టంగు.

"ఎన్నిసార్లు పడేస్తావురా?"

"ఒక్కసారికి ఒక్క చుక్కే వస్తాది అన్నయ్యా. అదే వెలుగు, అదే దెబ్బ, లక్షలసార్లు మళ్ళీ మళ్ళీ జరగాల. చుక్కలన్నీ కలిస్తే అప్పుడు బొమ్మ."

అప్పుడు అడుగుతాను, ఏడాదిగా గొంతులో ముల్లై కూర్చున్న మాట. నేను ఆసుపత్రికి చేరేసరికే వాడి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

"ఆకర్న నాకోసం అడిగినావా? ఆ ఒక్క రెప్పపాటూ సూపించరా. ఇంత యంత్రం ఉంది కదా."

నూకరాజు స్తంభాన్ని ఆవు గంగడోలు నిమిరినట్టు నిమురుతాడు.

"ఒక్కసారే జరిగింది దీనికి చిక్కదు అన్నయ్యా."

"అయితే ఇయాలే పగలగొట్టించేస్తాను. లోపల రాగి ఉంది."

"నీ ఇష్టం" అంటాడు కోపం లేకుండా, ఆ కోపం లేకపోవడమే నాకు మరీ మంట, గ్లాసు పడుతుంది, చెయ్యి లేదు, టంగు, స్టూలు లేదు, టంగు.

టంగు.

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నం, బయట వాన. అన్నం తిని కుర్చీలోనే కునికిపాటు పడ్డాను. పైకప్పు రేకు చిల్లులోంచి ఒక్కో చుక్కా యంత్రం మీద పడుతోంది, పడిన చోటే పడుతోంది. దాని ఒంటినిండా లారీ దుమ్ము అలాగే ఉంది, ఆ ఒక్కచోట మాత్రం గోరంత ఉక్కు మెరుస్తోంది.

మా కొట్టులో పగలగొట్టే పని సూరిబాబుది. సమ్మెట భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"కొట్టీమంటావేటి, గురువా?"

"ఉండరా," అన్నాను. "ఇంకో సుక్క పడనీ."