దస్తూరమ్మ మానేసిన కాఫీ

బేకరీలో అందరూ ఆమెను దస్తూరమ్మ అనేవారు. కేకుల మీద పేర్లు రాయడం ఆమె పని. క్రీము నింపిన కోన్ చేతికి తీసుకుందంటే అక్షరాలు ముత్యాల్లా వచ్చి కూర్చునేవి. పిల్లవాడి పేరు బారెడు, కేకు జానెడు అయినా సరే, ఎక్కడా ఇరుకు పెట్టకుండా సర్దేసేది. ముందు గదిలో కాఫీ కలిపే ఆయన కాఫీ బాబాయి. ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా బాబాయి అనే పిలిచేవారు. ఇద్దరికీ యాభై దాటాయి. ఆమె భర్త పోయి చాలాకాలమైంది. ఆయన అసలు పెళ్లే చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఎవరూ అడక్క" అని నవ్వేసేవాడు.

రోజూ షాపు తలుపులు తీయకముందే ఆయన ఒక కప్పు కాఫీ పట్టుకుని వెనక గదిలోకి వచ్చేవాడు. ఆమె బల్ల పక్కన స్టూలు లాక్కుని, ఆమె తాగడం అయ్యేదాకా కబుర్లు చెప్పేవాడు. కబుర్లంటే లోకాన్ని ఉద్ధరించేవేమీ కావు. పక్కింటి కుక్క ఆయన చెప్పు ఎత్తుకుపోవడం, చక్కెర వద్దని కాఫీ పుచ్చుకున్న పెద్దమనిషి రెండు కేకు ముక్కలు లాగించడం, అంతే. ఆ కాసేపటి కోసం ఆమె ఇంట్లో కాఫీ ముట్టకుండా వచ్చేది. ఆ సంగతి ఆయనకు తెలియనిస్తే కదా!

అలాంటిది ఆమె చేయి వణకడం మొదలుపెట్టింది. ముందు కనిపెట్టింది కూడా ఆయనే.

"నీరసమండీ. వేళకు తినరు, కంటినిండా నిద్రపోరు" అని తనే తీర్పు చెప్పేసి, ఆనాటి నుంచి ఆమె కప్పులో డికాషన్ చిక్కగా పోయసాగాడు. వణుకు పెరిగితే ఇంకాస్త చిక్కగా. "ఇది తాగితే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు" అని మురిసిపోయేవాడు. ఆమె చేదు మింగి "అమృతం" అనేది. ఆ మనిషి మీద ప్రేమ అలా అబద్ధాలాడించింది మరి.

చివరికి ఒకరోజు కేకు మీద గీత ఒకటి పాములా వంకర్లు పోయింది. ఆమెకు భయమేసి డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ ఆమెను చేతులు చాపమంది, కాగితం మీద సుడి గీయమంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా అమ్మకుండేది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేది."

"ప్రాణానికేం భయం లేదు. కానీ ఇలాంటి వణుకున్నవాళ్లలో చాలామందికి కాఫీ పడదు, ఇంకా ఎక్కువ చేస్తుంది. ముందు అది మానేయండి. మాత్రల సంగతి తర్వాత చూద్దాం. రోజుకెన్ని కప్పులు?"

"ఒకటే."

"ఎంత స్ట్రాంగ్?"

"చచ్చినవాడు లేచి కూర్చునేంత" అంది ఆమె. డాక్టరమ్మ నవ్వింది. ఆమెకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్సులో తిరిగొస్తూ ఆమె చేతి గురించి తలుచుకున్నది తక్కువ. మీ కాఫీ వల్లే నా చేయి ఇంతలా వణికింది అని ఆ మనిషి మొహం చూసి ఎలా చెప్పడం? కుమిలిపోతాడు. పోనీ ఊరికే వద్దంటే, ఇక ఏ వంకతో వెనక గదిలోకి వస్తాడు? ఖాళీ స్టూలు కళ్ల ముందు మెదిలింది.

అందుకని ఒక ఉపాయం పన్నింది. కప్పు అందుకుని, "వేడిగా ఉందండీ, నిదానంగా తాగుతాను, మీరు వెళ్లండి" అనేది. ఆయన అటు వెళ్లగానే సింకులో పారబోసేది. ఆయన్ని పోగొట్టుకోకూడదని రోజూ ఆయన్నే తరిమేస్తున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ఇంకో దారి తోచలేదు.

కాఫీ బాబాయి కళ్లు గప్పడం అంత తేలికా? తాగిన కప్పుకు పెదవి ఆనినచోట మరకుంటుంది. పారబోసిన కప్పుకు లోపల చుట్టూ గీత మిగులుతుంది. ఆ తేడా తెలియనివాడు కాఫీ ఏం కలుపుతాడు! మొదట పాలని అనుమానించి పాలవాడితో తగువు పెట్టుకున్నాడు. తర్వాత పొడి మార్చాడు. తర్వాత నీళ్లని తిట్టాడు. కప్పులు మాత్రం గీతలతోనే తిరిగొచ్చాయి.

ఒక పొద్దున కప్పు బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడిపోయాడు.

"ఈ నెలాఖరుకి పని మానేస్తున్నానండీ. ముందు మీకే చెబుతున్నా."

"అదేమిటి?"

"నా చేయి పోయింది. షాపులో బావుందనేవాళ్లంతా మొహమాటానికి అంటున్నారు. నిజం చెప్పింది మీరొక్కరే, నోటితో కాకపోయినా. మీకే నచ్చని కాఫీ ఇంకెవరికని కలపను?"

ఆమె ఇక ఆగలేకపోయింది. ఒళ్లో దాచుకున్న చేతిని తీసి ఆయన ముందు చాపింది. వేళ్లు ఆకుల్లా కదులుతున్నాయి.

"పోయింది మీ చేయి కాదండీ, నాది. కాఫీ తాగితే ఇది ఎక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పింది."

ఆయన ఆ చేతినీ, బల్ల మీది కప్పునూ మార్చి మార్చి చూశాడు.

"అంటే... నేను చిక్కగా పోసినకొద్దీ..."

"మీకేం తెలుసు పాపం."

"నాకు తెలియదు, సరే. మీకు తెలుసుగా! పారబోయడమెందుకు? ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?" ఆయన గొంతు లేచింది. ఇన్నేళ్లలో ఆమె మీద కోప్పడటం అదే మొదలు.

"చెబితే మీరు ఇటు రావడం మానేస్తారని" అంది ఆమె.

ఆయన కప్పు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా వెనక గది వైపు రాలేదు. ఆమె పేర్లన్నీ ఎలా రాసిందో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున ఆమె కోన్‌లో క్రీము నింపుతుంటే అడుగుల చప్పుడైంది. తలెత్తి చూసింది. ఆయన చేతుల్లో ఏమీ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దూర్చి, మళ్లీ తీసి, వెనక్కి కట్టుకుని, చివరికి మోకాళ్ల మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఒక పేరు మొదలుపెట్టింది. మొదటి అక్షరం కొంచెం వణికింది. ఆయన చూస్తున్నాడని తెలిసీ ఆమె చేయి దాచుకోలేదు.

"ఒక చిక్కొచ్చిపడిందండీ" అన్నాడు ఆయన. "కప్పుంటే, అది ఖాళీ అవగానే లేవాలని తెలిసేది. ఇప్పుడు ఎప్పుడు లేవాలి?"

ఆమె అక్షరం మీద నుంచి చూపు తిప్పకుండానే అంది:

"లేవమని ఎవరన్నారు?"