వరహాలు కొన్న ఫ్లాస్కు

నేను ఒక స్టీలు ఫ్లాస్కుని. ఎక్కడో ఫ్యాక్టరీలో రెండు గోడలతో పుట్టాను. లోపలి వేడి బయటికి తెలియకూడదని ఆ గోడల మధ్య గాలిని కూడా లాగేశారు. మనుషులకు ఇంత ఏర్పాటు అక్కర్లేదనీ, లోపలిది దాచుకోవడం వాళ్ళకు పుట్టుకతోనే వస్తుందనీ తర్వాత తెలిసింది.

విశాఖపట్నంలో గిన్నెల దుకాణం నుంచి నన్ను కొన్నది వరహాలు. సిటీ బస్సులో కండక్టరు. ఆమె భర్త నూకరాజు చేపల రేవులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. మంచి పనివాడు, సాయంత్రమైతే తాగుబోతు.

బస్టాపు గోడ మీద ‘తాగుడు మానాలనుకుంటున్నారా?’ అన్న కాగితం చూసి, కింద ఉన్న నంబరుకి వరహాలే ఫోను చేసింది. ఎత్తినది దామోదరం మాస్టారు. ఒకప్పుడు తాగి, మానేసినవాడు.

“ఆయన మానాలనుకుంటున్నాడా అమ్మా, మీరు మానిపించాలనుకుంటున్నారా?” అని అడిగాడట.

“ఇద్దరమండీ,” అని ఆమె అబద్ధమాడిందట.

మీటింగు ప్రతి ఆదివారం, కొండవాలు బడిలో. అక్కడ టీ కాగితం గ్లాసుల్లో ఇస్తారని నూకరాజుకు ఎవరో చెప్పారు. “మందు లేపోతే నా సెయ్యి వణుకుద్ది. పదిమందిలో టీ ఒలికిపోతే పరువేటవుద్దే?” అన్నాడు. నా మూతకు గట్టి పిడి ఉందని వరహాలు నన్ను ఎంచుకుంది. అల్లం దంచి టీ కాచి, నిండుగా పోసి పంపింది.

మొదటి మీటింగులో నూకరాజు తన పేరు తప్ప ఏమీ చెప్పలేదు. కొన్ని వారాలకు నోరు విప్పాడు. తాగి కూతురి పుట్టినరోజు కేకు మీద పడిన సంగతి చెప్పి ఏడ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దామోదరం మాస్టారు భుజం తట్టాడు. నూకరాజు ఒళ్ళో నేను వెచ్చగా ఉన్నాను. మంచి ఇంటికి చేరానని గర్వపడ్డాను.

ఆ వారంలోనే కొత్త బోటు నీళ్ళలోకి దించారు. యజమాని మందు పోయించాడు, నూకరాజు తాగాడు. తప్పు అక్కడితో ఆగేదేమో. కానీ చప్పట్లు కొట్టినవాళ్ళ ముందుకు మళ్ళీ వెళ్ళడానికి సిగ్గుపడ్డాడు. తర్వాతి ఆదివారం బడి మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. వరహాలు పోసిన టీని కాలవలో వంపేసి, నాలో మందు పోశాడు. పాత పడవల చాటున కూర్చుని, ఆమె ఎంచిన పిడి పట్టుకుని ఆమె ఎంచిన మూతలోనే తాగాడు.

అది కూడా భరించేవాణ్ణి. చీకటి పడ్డాక నోట్లో లవంగం వేసుకుని ఇంటికెళ్ళి అతను చెప్పిన కబుర్లు మాత్రం భరించలేకపోయాను.

“ఇయ్యాల మాస్టారు ఏటన్నారో తెలుసా? తాగినోడికంటే ఇంట్లో ఎదురుసూసేదానికే ఎక్కువ జబ్బు సేత్తాదంట,” అన్నాడొకసారి. వరహాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మాట ఎవరూ అనలేదు. పడవ చాటున కూర్చుని అల్లుకున్నాడు.

ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టే మాస్టారికి దణ్ణం పెట్టి రావాలనుకుంది.

ఆ ఆదివారం నూకరాజు ఇంటి వెనకే టీ వంపేసి నన్ను మందుతో నింపుకున్నాడు. ఇంతలో రేవు నుంచి ఫోను. కంగారుగా ఎవరి బండో ఎక్కి వెళ్ళిపోయాడు. కుళాయి గట్టు మీద నన్ను చూసి వరహాలు, అతను మీటింగుకే వెళ్ళాడనుకుని, “అయ్యో, మర్సిపోయి ఎల్లిపోనాడు,” అంటూ చంకలో పెట్టుకుని కొండెక్కింది.

మాస్టారు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

“నాను నూకరాజు పెళ్ళాన్నండి. మీరు సేసిన మేలుకి ఏటిచ్చుకోగలం? మా ఇంటి టీ తాగండి,” అంటూ నా మూత తిప్పి అందులోకి వంచింది.

వాసన గుప్పుమంది.

మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎన్నో ఏళ్ళ క్రితం వదిలేసినదాన్ని ఆమె రెండు చేతులతో అతని ముందుకు చాపింది. “మూత పెట్టెయ్యమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

వరహాలు గదిలోకి చూసింది. కుర్చీల్లో నూకరాజు లేడు. “ఎన్నాళ్ళనుండి రావట్లేదండీ?”

“ఎవరొచ్చారో, ఎవరు రాలేదో మేం బయట చెప్పుకోమమ్మా. పక్క గదిలో మీలాంటి ఇంటివాళ్ళు కూర్చుంటారు. వెళ్తారా?”

ఆమె బడి కుళాయి దగ్గర నన్ను బోర్లించి, చాలాసేపు కడిగి, నన్నూ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. తన వంతు వచ్చినప్పుడు, “నా పేరు వరహాలు. తాగీసినా ఓర్సుకుందును. నన్ను కూకోబెట్టి కతలు సెప్పినాడు,” అంది.

రాత్రి నూకరాజు ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. “వొచ్చే వారం నుండి ఎల్తానే!”

“ఎల్తే ఎల్లు. నాకు మాత్రం ఏటీ సెప్పకు.”

చింతపండుతో తోమినా, సోడా వేసి మరగబెట్టినా నా మూత రబ్బరుకు పట్టిన మందు వాసన వదల్లేదు. నన్ను పాత ఇనపసామాన్ల కొట్టులో ఇచ్చేసింది. తప్పు చేసినవాడు ఇంట్లో ఉన్నాడు, మోసినవాణ్ణి బయట పడ్డాను. ఆమె మీద నాకు కోపం లేదు.

ఈ కొట్టు బడికి వెళ్ళే దారిలోనే, గేటు కనపడేంత దగ్గర్లో ఉంది. ప్రతి ఆదివారం వరహాలు ఒంటరిగా మెట్లెక్కుతుంది. నిన్న ఆమె వెనక చాలా దూరంలో నూకరాజు నడిచాడు. ఆమె తిరిగి చూడలేదు. ఆమె లోపలికి వెళ్ళాక అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు. అంతలో కొట్టువాడు నా మీద గోనెసంచి విసిరాడు.

లోపలికి వెళ్ళాడో లేదో నాకు తెలియదు. వెళ్ళాడంటే మీ మనసు తేలికపడుతుందని తెలుసు. కానీ చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో విన్నాను. నేను చెప్పను.