గేటు లోపల

బండి టైర్లలో గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసుకుని, ఆమె అందులో గోనెసంచులు పరిచింది. వాటిమీద దుప్పటి మడతపెట్టి వేసింది. రోజూ గడ్డి మోసే తోపుడుబండి అది. ఈ పూట అందులో మొగుణ్ణి ఎక్కించాలి. చంకల కింద చేతులు వేసి లేపితే కట్టెల మోపు కన్నా తేలిగ్గా వచ్చేశాడు. ఒకప్పుడు ఆయన అడ్డంగా నిలబడితే గాలి కూడా టికెట్టు కొనుక్కునే లోపలికి పోవాలని జనం నవ్వుకునేవారు. అంతటి మనిషి.

“మెల్లిగా. పడేసేవు,” అన్నాడు.

“ఇన్నేళ్ళూ పడేయలేదుగా, ఇప్పుడేం పడేస్తాను?”

ఊరి చివర తవ్వకాల్లో బయటపడ్డ పాతపట్నానికి ఆయన గేటు మనిషి. ఆమె అదే పట్నంలో ఇటుకల సందుల్లో మొలిచే గడ్డి పీకే మనిషి. అక్కడి పనివాళ్ళకు ఆయన గేటు బాబాయి, ఆమె గడ్డి పిన్ని. పొద్దున్నే ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవారు. ఆయన గేటు దగ్గర ఆగిపోయేవాడు, ఆమె లోపలికి వెళ్ళిపోయేది. మోకాళ్ళు అరిగి ఆయన పని మానేసేదాకా వాళ్ళ కాపురం అలాగే నడిచింది.

ఆయన లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు. ఈ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. మొదట్లో గేటు వదలడానికి వీల్లేక వెళ్ళలేదు. తర్వాత మొహం చెల్లక వెళ్ళలేదు. చూసి బయటికొచ్చే ప్రతివాణ్ణీ ఆపి, “ఎలా ఉందండీ? ఏమేం చూశారు?” అని ఆరా తీసేవాడు. వాళ్ళు చెప్పిందంతా మర్నాడు కొత్తవాళ్ళకు తన కళ్ళతో చూసినట్టే చెప్పేవాడు. “చివరిదాకా వెళ్ళండి. ఇంతదూరం వచ్చి మెట్లబావి చూడకపోతే ఇంకేం చూసినట్టు?” అనేవాడు. అలా కోతలు కోసిన మనిషి, తోటి పనివాళ్ళ ఎదుట దారి తెలియక దిక్కులు చూస్తూ ఎలా తిరుగుతాడు? సెలవు రోజున కూడా అటు తొంగి చూడలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళందర్నీ అడిగాడు గానీ, పొద్దస్తమానం అక్కడే గొంతుక్కూర్చుని పనిచేసే పెళ్ళాన్ని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఏది కోరితే అది పెట్టమని డాక్టరు చెప్పాక, ఆయన తిండి ఊసెత్తలేదు. మెట్లబావి చూపించమన్నాడు.

గేటు దగ్గర ఆయన స్థానంలో వచ్చిన కుర్రాడు కుర్చీలోంచి లేచాడు.

“నీకు టికెట్టేంటి బాబాయ్! తీసుకెళ్ళు పిన్నీ.”

“ఊరికే ఎవర్నీ పంపకూడదు. నేను పంపానా?” ఆయాసపడుతూనే గద్దించాడు ఆయన. “కొనవే.”

ఆమె కొంది. కుర్రాడు చింపబోతే ఆయన చెయ్యి చాచాడు. తనే చింపుకున్నాడు. టికెట్టు అడ్డదిడ్డంగా చిరిగింది. కుర్రాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

లోపల ఎర్రటి ఇటుక గోడలు కొన్ని మోకాలెత్తున, కొన్ని మనిషెత్తున నిలిచి ఉన్నాయి. బండి ఎగిరిపడినప్పుడల్లా ఆయన మూలుగుతున్నాడు. ఆపమంటే వద్దంటున్నాడు. మెట్లబావి ఒడ్డున ఆమె బండి ఆపి, కనబడేలా ఆయన వీపు ఎత్తి పట్టుకుంది.

“నీళ్ళేవే?” అన్నాడు.

“ఎప్పుడున్నాయి గనక?”

“అద్దంలా ఉంటాయన్నారే!”

“అన్నవాళ్ళనే అడుగు.”

ఆయన బావి అడుగుకేసి చూస్తూ ఉండిపోయాడు. మెట్లమీద నాచు ఎండిపోయి నల్లబడింది. అడుగున ఖాళీ సీసాలు, ఊచలు విరిగిన గొడుగు. “ఎంతమందిని ఎండలో ఇక్కడిదాకా తోలానే,” అన్నాడు. “నువ్వైనా చెప్పలేదేం?”

“నువ్వు అడిగావా?”

ఆ మాట అనడానికి ఆమె ఏళ్ళ తరబడి కాచుకుంది. తీరా అన్నాక మనసు చివుక్కుమంది. మంచాన పడ్డ మనిషి మీద గెలిచి ఏం బావుకుంటుంది?

“ఇందులో నువ్వు చేసేదెక్కడ?” అన్నాడాయన.

“అంతా నేనే. ఇందాకట్నుంచీ నువ్వు చూసిన గోడలన్నీ.”

ఆయన మెడ తిప్పి, వచ్చిన దారంతా మళ్ళీ చూశాడు. ఈసారి నెమ్మదిగా చూశాడు. “పరక కూడా లేదే,” అన్నాడు.

“పైపైన తెంపితే లాభం లేదయ్యా. వేరు ఉండిపోతే లావెక్కి ఇటుకనే చీలుస్తుంది. కొక్కెం పెట్టి వేరుతో సహా లాగాలి. అదిగో, ఆ గోడే మిగిలింది. మొన్నటి వానకి మళ్ళీ మొలిచింది.”

ఆ గోడ నీడలోనే బండి నిలిపి, తలకింద దుప్పటి సర్ది, ఆమె అవతలి చివర పని మొదలుపెట్టింది. వీపు ఆయనవైపు ఉంది. చేతులు ఆడుతుంటే నోరూ ఊరుకోలేదు. ఏ ఇంటి గడప ఎంత అరిగిందో చెప్పింది. ఎవరో తడి ఇటుకలు ఆరబెడితే కుక్క తొక్కిపోయిందనీ, దాని పాదం అచ్చు ఇంకా ఉందనీ, ఆ ఇటుక దగ్గరికొస్తే తనకి నవ్వొస్తుందనీ చెప్పింది. ఆయన ఊఁ కొడుతున్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె ఇంతసేపు మాట్లాడలేదు. ఆయన ఇంతసేపు వినలేదు. ఆమెకు సంతోషంగా ఉంది. ఇలాంటి పూట సంతోషమేమిటని సిగ్గూ వేసింది.

కాసేపటికి ఊఁ వినబడలేదు.

“ఏమయ్యా, నిద్రొచ్చిందా?”

ఇంట్లో కూడా మాట మధ్యలో కునుకు తీసే మనిషే. అందుకని ఆమె గొంతు తగ్గించి, చెబుతున్నది ఆపకుండా ఆ వరుస పూర్తిచేసింది. చేతులు దులుపుకుని బండి దగ్గరికి వచ్చింది. ఆయన తల గోడకు ఆని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. భుజం మీద చెయ్యి వేయగానే ఆమెకు తెలిసిపోయింది.

“ఇన్నాళ్ళూ అడిగితే నీ సొమ్మేం పోయేదయ్యా!” అని ఘొల్లుమంది.

ఆ కేకకు కుర్రాడూ తోటి పనివాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. మొహం మీద దుప్పటి కప్పారు. బండి కదిలించారు. “నువ్వు ముందు నడువు పిన్నీ, మేం తోస్తాం,” అన్నాడు కుర్రాడు. ఆమె కొక్కెం తీసుకుందామని వంగింది.

బండి నిలిచిన చోట, ఆయన చెయ్యి అందేంత మేర గోడమీద పచ్చదనం పోయింది. వేళ్ళతో ఒక్కొక్క పరకే గిల్లినట్టుంది. ఇటుకల సందుల్లో తెగిన మొదళ్ళు తెల్లగా కనబడుతున్నాయి. ఆమె అలవాటుకొద్దీ కొక్కెం ఒక సందులో పెట్టింది. మళ్ళీ తీసేసింది. ఆ మొదళ్ళను అలాగే వదిలేసి బండి వెనక నడిచింది.

గోడ మీది ఇటుకపై, గాలికి కొంచెం కొంచెం కదులుతూ, పిడికెడు గడ్డి. ఒక్కదానికీ వేరు లేదు.