బొట్టు పెట్టిన తూటాలు

తూటాలే దొరకని తుపాకి మీకెందుకమ్మా అని సంగారెడ్డి ఆఫీసులో అడిగేసరికి కౌసల్యమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అడిగినాయన పేరు కామేశ్వరరావు, లైసెన్సు తుపాకులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. చెడ్డవాడని చెప్పలేం గానీ, కాగితం మీద లేనిది లోకంలోనే లేదనుకునే రకం. ఆయన దగ్గరున్న తూటాల జాబితాలో ఆమె రైఫిల్ తూటా లేదు.

"తూటా లేని తుపాకి గడ్డపారతో సమానం. అప్పగించేసి రసీదు తీసుకోండి" అన్నాడాయన.

"గడ్డపారకు లైసెన్సు అడగరు గద సార్. ఇది తుపాకే. పేలుస్త, సూడుండ్రి."

నోరు జారిందని కాదు, కావాలనే అంది. మామగారి కాలంనాటి జర్మనీ రైఫిల్ అది. ఆయన పోయాక కొడుక్కీ, కొడుకు పోయాక కోడలికీ వచ్చింది, పంట కాపలా లైసెన్సు మీద. గుమ్మడిదల దగ్గర నాలుగెకరాల మక్కచేను ఆమెది. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచాక అడవిపందులకు ఉండే గుట్టలూ పొదలూ పోయాయి, మేయడానికి చేన్లు మిగిలాయి. ఆ రైఫిల్ ఒక్కసారి మోగితే మంద వారం దాకా ఇటు తిరిగి చూసేది కాదు. తూటాలు అయిపోయిన ఏడాది, కంకి పాలు పోసుకునే వేళకు ఎకరన్నర చేను పడుకుంది. రైఫిల్ పోతే మిగిలిన రెండున్నరా పోతుంది. ఇది ఆమెకు ఎవరూ లెక్కవేసి చెప్పక్కర్లేదు.

కామేశ్వరరావు గడువు పెట్టాడు. దసరా వెళ్ళిన మూడో రోజున పోలీసుల ఫైరింగు మైదానానికి రావాలి. రెండు వందల గజాల దూరంలో ఇనుప పలక పెడతారు. ఐదు తూటాల్లో రెండైనా పలకకు తగలాలి. "మీ చేను పక్కనే ఫ్యాక్టరీలున్నాయి. ఇంట్లో చేసిన తూటా ఎటు పోతుందో ఎవరికి తెలుసు?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని కౌసల్యమ్మకూ తెలుసు. అందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఆమె నేరుగా మొగులయ్య ఇంటికి పోయింది. మొగులయ్య పాశమైలారంలో ఒక కంపెనీ టూల్‌రూమ్‌లో లేతు మీద పనిచేస్తాడు. ఊరి వరసకు మరిది. వాళ్ళ నాయన ఒకప్పుడు మామగారి వేటలో ముందు నడిచేవాడు. పంది జాడ తీసింది ఆయన, గాలి ఎటుందో చూసింది ఆయన, పేరు మాత్రం మామగారిది. ఇప్పటికీ కౌసల్యమ్మ ఇంట్లో గోడ మీదున్న ఫొటోలో మామగారు చచ్చిన పంది మీద కాలు పెట్టి నిలబడి ఉంటారు. మొగులయ్య నాయన ఫొటోలో లేనే లేడు.

మొగులయ్య రైఫిల్ గొట్టం లోపల కొలతలు తీసుకుని నాలుగు రోజులు బజార్లు తిరిగాడు. ఐదో రోజు వచ్చి బజార్లో దొరికే వేరే రైఫిల్ తూటా ఖాళీ ఇత్తడి డొల్ల ఒకటి అరచేతిలో పెట్టి చూపించాడు.

"వదినె, దీని మెడ వెడల్పు, ఒళ్ళు పొడుగు. మెడ నొక్కేటందుకు ఒక డై కోస్త. పొడుగు లేతు మీద తగ్గిస్త. గప్పుడు నీ రైఫిల్‌ల కూసుంటది. గని లోకంల ఎవ్వని దగ్గర లేని తూటా అయితది గిది."

"లేకుంటె ఏంది, మన దగ్గరుంటది."

"మందు మాత్రం నేను ముట్ట. లైసెన్సు నీది, నింపుకునే పర్మిషన్ కాగితం నీది. నువ్వే నింపాలె. ఇంకోటి, నూనె చేతులతోని ముట్టొద్దు. అడుగున గీ కేపు ఉన్నది సూడు, గిదే నిప్పు. దీనికి జెర నూనె తగిలిందా, తుస్సే."

ఇక కౌసల్యమ్మ పడ్డ పాట్లు చూడాలి. కంసాలి దగ్గర చిన్న త్రాసు అడిగి తెచ్చుకుంది. మందును గురిగింజలతో తూచింది. అన్నీ ఒక్క బరువు ఉండవని, గంపెడు గింజల్లోంచి ఒక్క తూకం ఉన్నవే ఏరింది. గాలి తగిలితే త్రాసు ఊగుతుందని తలుపులు వేసుకుని చెమటలు కక్కింది. తూటా పని ఉన్న రోజుల్లో తలకు నూనె పెట్టడమే మానేసింది. చేతులు బూడిదతో తోముకుని, ఎండలో ఆరబెట్టుకుని, అప్పుడు కూర్చునేది. మూతపడ్డ క్వారీ గుంతలో రాతిగోడకు గురిపెట్టి కొట్టి చూసుకున్నారు. రెండు వందల గజాలకు గుండు బెత్తెడు ఎడమకు పోతోందని తేలింది. భుజం కమిలి నల్లబడింది. అయినా ఆమెకు లోపల్లోపల ఎంత సంబరంగా ఉండేదో! యాభై ఏళ్ళొచ్చాక ఒక కొత్త పని చేతికి పట్టుబడడమంటే మాటలా.

దసరా నాటికి ఐదు తూటాలు తయారయ్యాయి. అత్త రాజవ్వ ఆయుధపూజకు రైఫిల్‌ను కడిగిన గోడ దగ్గర నిలబెట్టింది, తూటాలను ఇత్తడి పళ్ళెంలో పోసిన బియ్యంలో గుచ్చి వరసగా నిలిపింది. కత్తికీ కొడవలికీ పెట్టినట్టే వాటికీ బొట్టు పెట్టింది. కౌసల్యమ్మ కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుంది. మొగులయ్య ఆ పూట రాలేదు. కంపెనీలో తన లేతుకు తను పూజ చేసుకుంటున్నాడు.

మర్నాడు అతను ఇంకో రెండు డొల్లలు పట్టుకొచ్చాడు. "ఉండనియ్యి, ఎందుకన్న పనికొస్తయి." కౌసల్యమ్మ వాటినీ నింపింది గానీ, రాజవ్వ పెదవి విరిచింది. "పండుగ పాయె. పూజల లేని వాటిని వేరే పెట్టు, కలపకు." కౌసల్యమ్మ వాటిని చేతిరుమాలులో కట్టి సంచి అడుగున పడేసింది. పరీక్షకు బొట్టు పెట్టిన ఐదూ తీసుకుంది. దేవుడి ముందు పెట్టినవి ఉండగా వేరేవి ఎందుకు తీస్తుంది?

మైదానంలో బల్ల మీద ఆమె ఫారం ఉంది. సంతకం పెడుతూ కౌసల్యమ్మ చదివింది. ఐదో తరగతి చదువు, అయినా అక్షరం వదిలే మనిషి కాదు. చివరి గడిలో 'పేలదు' అని అప్పటికే రాసి ఉంది. సిరా కూడా ఆరిపోయింది. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. పోయి బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించుకుంది.

మొదటిది టక్కుమంది, పేలలేదు. మొగులయ్య చెప్పినట్టు గొట్టం పలక వైపే ఉంచి ముప్పై దాకా లెక్కపెట్టింది. కొన్ని ఆలస్యంగా పేలతాయి, తొందరపడి తెరిస్తే మొహం పోతుంది. వెనక పోలీసుల్లో ఎవరో నవ్వారు. రెండోదీ టక్కే. మళ్ళీ ముప్పై. మూడోదీ టక్కే. నవ్వుల మధ్య పడుకుని ముప్పై లెక్కపెట్టడం ఎంత కష్టమో ఆమెకే తెలియాలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ లెక్క తప్పలేదు.

"ఇక చాలమ్మా" అన్నాడు కామేశ్వరరావు కుర్చీలోంచి లేస్తూ.

కౌసల్యమ్మ మూడో తూటా బయటికి తీసి తిప్పి చూసింది. అడుగున, సరిగ్గా కేపు మీద, ఎర్రటి బొట్టు. వేలితో తుడిస్తే జిడ్డు. వాసన చూస్తే మంచినూనె. ఇత్తడికి కుంకుమ అంటదని రాజవ్వ నూనెలో తడిపింది. తూటాలను ముక్కు కిందికి పెట్టి నిలిపింది కాబట్టి, గుండ్రంగా కనిపించిన ఆ కేపు ఆమెకు నుదురులాగే తోచింది. ఇరవై రోజులు తలకు నూనె రాసుకోని తను, పక్కనే నిలబడి చూస్తూ దండం పెట్టింది! అత్తను తిట్టుకోవడానికి ఏముంది? సిగ్గూ కోపమూ రెండూ తన మీదే వచ్చాయి.

తోడొచ్చిన మొగులయ్య పరుగున వచ్చి వంగి చూశాడు, తల పట్టుకున్నాడు. "నేను సుత లేతుకు గట్లనె పెట్టిన వదినె. లేతుకేం గాదు, నాకు యాదికే రాలె."

"ఐదన్నరు గద సార్" అంది కౌసల్యమ్మ గట్టిగా. "మూడే అయినయి. ఇంక రెండున్నయి."

"ఆ రెండూ తగలాలి మరి."

"తగుల్తయి."

సంచి అడుగు నుంచి రుమాలు తీసి ముడి విప్పింది. పూజ లేని రెండు తూటాలు. రాజవ్వ వద్దన్నవి. చేతులు మట్టిలో రుద్దుకుని, కొంగుకు తుడుచుకుని ఒకటి లోపలికి తోసింది. పలక నడిమధ్యకు బెత్తెడు కుడిగా గురిపెట్టి, ఊపిరి సగం వదిలి నొక్కింది.

రైఫిల్ గర్జించింది. ఒక్క క్షణం ఆగి ఖంగుమని పలక మోగింది. వెనక నవ్వులు ఆగిపోయాయి.

"గుడ్డిగా ఒకటి తగిలి ఉండొచ్చు" అన్నాడు కామేశ్వరరావు, అంత నమ్మకం లేకుండానే.

కౌసల్యమ్మ వెనక్కి తిరగలేదు. కమిలిన భుజంలో నొప్పి మెడదాకా పాకింది. రెండోది పెట్టింది, అదే చోట గురి. మళ్ళీ ఖంగుమంది. ఈసారి మొగులయ్య గొంతు చించుకుని ఏదో అరిచాడు, అది ఏమిటో అతనికే తెలియదు.

కామేశ్వరరావు బల్ల దగ్గర చాలాసేపు ఆ ఖాళీ డొల్లను తిప్పి చూశాడు. "ఈ రకం మా జాబితాలో లేదమ్మా. ఏమని రాయను?"

"మొగులయ్య అని రాయుండ్రి."

"నాదెందుకు వదినె, నింపింది నువ్వు..." అని మొగులయ్య నసిగాడు.

"కొలత నీది. ఇంకా ఎన్ని ఫొటోలల్ల లేకుంట పోతరు మీరు?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. కామేశ్వరరావుకు ఆ మాట అర్థం కాలేదు గానీ, తూటా రకం అన్న చోట మొగులయ్య అని రాశాడు. తర్వాత చివరి గడిలోని 'పేలదు' దగ్గరికి వచ్చి, 'దు'ను దిద్ది ఏదో చేయబోయాడు.

కౌసల్యమ్మ ఫారం మీద వేలు పెట్టింది. వేలికి ఇంకా కుంకుమ ఎరుపు ఉంది.

"దిద్దకుండ్రి సార్. మొత్తం కొట్టేసి పక్కన రాయుండ్రి. ముందుగాల ఏం రాసిండ్రో సుత కనపడాలె."

కామేశ్వరరావు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత 'పేలదు' మీద అడ్డంగా గీత గీసి, పక్కన 'పేలింది' అని రాసి సంతకం పెట్టాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకుని, రైఫిల్ భుజాన వేసుకుంది.