మొదటి కవరులో రేటు

అప్పలకొండమ్మకు కలకత్తాలోని మెటియాబ్రుజ్‌లో ఒక గది, అందులో ఆరు కుట్టుమిషన్లు ఉన్నాయి. టోకు వ్యాపారులు బయటి ఊళ్ల నుంచి రెడీమేడ్ సరుకు తెప్పించుకోవడం మొదలుపెట్టాక ఆ మిషన్లకు పని తగ్గిపోయింది. భవానీపూర్ వైపు ఒక సర్కారు ఆసుపత్రి రోగుల చొక్కాలకు టెండరు పిలిచిందని కోడలు భాను చెప్పినప్పుడు, అది దక్కకపోతే ఇక గది మూసెయ్యడమేనని ఆమె తేల్చేసింది.

భాను తమ గదిని చిన్న పరిశ్రమగా నమోదు చేయించింది. దాంతో టెండరుకు ధరావతు కట్టే పని తప్పింది. రెండు కవర్లుంటాయనీ, మొదటిదాంట్లో కాగితాలూ నమూనా చొక్కా, రెండోదాంట్లో రేటు పెట్టాలనీ, మొదటిది నెగ్గితేనే రెండోది తెరుస్తారనీ అత్తకు విడమరిచి చెప్పింది. అత్త తల ఊపింది కానీ, ఆమె ధ్యాసంతా కుట్టు మీదే ఉంది.

మొదటి కవర్లు తెరిచే రోజున ఇద్దరూ వెనక బెంచీ మీద కూర్చున్నారు. అధికారి వాళ్ల చొక్కా తీసి, అతుకులు లాగి చూసి, మెచ్చుకోలుగా కనుబొమలెత్తాడు. తర్వాత కాలరు తిప్పాడు. అక్కడ గుండుసూదితో గుచ్చిన చీటీ ఉంది. దాని మీది రేటు పైకి చదివి, చొక్కా పక్కన పడేశాడు. మొదటి కవరులోనే రేటు బయటపెట్టారు కాబట్టి ఈ టెండరు చెల్లదన్నాడు.

ఇంగ్లీషు తెలియని అత్త భాను మోచెయ్యి గుంజింది.

"ఏటన్నాడే?"

"మనది తీసీసినారత్తా. కాలరుకి రేటు చీటీ ఉందట. నాను పెట్టనేదు. కటింగు గవరయ్య మావ గాని పెట్టీసినాడేటి?"

మెటియాబ్రుజ్ బట్టల సంతలో రేటు చీటీ లేని చొక్కాను ఎవడూ ముట్టడు. కొనేవాడి చెయ్యి ముందు కాలరు మీదికే పోతుంది. నమూనా ఇచ్చే రోజు ఆసుపత్రి గేటు దగ్గర, భాను కాగితాలు సర్దుతుండగా, చీటీ లేకపోవడం చూసి, పిల్ల మరిచిపోయిందనుకుని అప్పలకొండమ్మే గుచ్చింది.

"గవరయ్య కాదు," అంది. "నానే ఎట్టినాను."

భాను కాగితాలు సంచిలో కుక్కి లేచింది. తిట్టినా బాగుండేది.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి "మాసీ" అని పిలుపు. పోటీలో ఉన్న పెద్ద కంపెనీ యజమాని, బెంగాలీ ఆయన. కుట్టు చూశానన్నాడు, రేటూ విన్నానన్నాడు. పని ఎలాగూ తనకే వస్తుందనీ, అదే రేటుకు తనకు చొక్కాలు కుట్టిపెట్టమనీ హిందీలో నవ్వుతూ చెప్పాడు.

భాను అత్త చెయ్యి పట్టి లాగింది. అత్త కదల్లేదు. కుట్టు తనది, రేటు తనది, పేరు మాత్రం ఇతనిది. కానీ మిషన్ల ముందు చేతులు ముడుచుకు కూర్చున్న మనుషులు కళ్లలో మెదిలారు.

"కుడతాను దాదా," అంది తనకొచ్చిన హిందీలోనే. "గుడ్డా దారం నువ్వే పంపించు. ఆ రేటు ఒట్టి కుట్టుకూలి."

అతని నవ్వు ఆగిపోయింది. గుడ్డ కలిపే తాము ఆ రేటు వేశామని తెలిసిన భాను అత్త చెయ్యి వదిలేసింది. అంత కూలి కలకత్తాలో ఎవరిస్తారని అతను గొణుగుతూనే ఉన్నాడు, వెళ్లిపోలేదు మాత్రం.

బేరం తెగేదాకా కదలనన్నట్టు అప్పలకొండమ్మ మెట్టు మీదే కూర్చుంది. అతనూ పక్కనే రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.