పుల్ల ద్రాక్ష సీసా

నేను ఒక గాజు సీసాని. మెడ సన్నం, పొట్ట బానంత. కొలిమిలో నన్ను ఊదినవాడెవడో గుర్తు లేదు గానీ, ఒక బ్యాటరీల కొట్లో బ్యాటరీల్లో పోసే నీళ్లు మోస్తూ చాలా ఏళ్లు పడున్నాను. కొట్టు మూసేసినప్పుడు పాత సామాన్లలోంచి నన్ను ఏరుకుని కాన్వెంటుకి తెచ్చింది సిస్టర్ శౌరమ్మ. అంతవరకూ నాకు దిగులంటే తెలీదు. ఆవిడ చేతిలో పడ్డాక అది తప్ప ఇంకోటి తెలీదు.

కాన్వెంటు వెనక ఆవిడ పెంచుకున్న తెల్లద్రాక్ష పందిరి ఉంది. పండినా పుల్లగానే ఉండే జాతి. కాకులు కూడా ఒకసారి పొడిచి ఊరుకుంటాయి. ఆ పళ్లతోనే చర్చిలో పూజకి ద్రాక్షారసం చెయ్యాలని ఆవిడ పట్టు. మదర్ రెజీనా ఈ ఏడు తెగేసి చెప్పింది.

"ఈసారీ పాడైతే పందిరి కొట్టించేస్తా శౌరమ్మా. రసం బయట కొనుక్కుందాం."

ఇక చూడాలి ఆవిడ కంగారు! పూజ రసంలో చెంచాడు పంచదార కూడా కలపకూడదు. పళ్ల తీపి మిగిలినా ఎండలకి మళ్లీ పొంగుతుంది. అందుకని పళ్లు పిండి నా పొట్టలో పోసి, తీపంతా పులిసి హరించుకుపోయేదాకా ఆగింది. నా మూతికి చెవి పెట్టి బుడగల చప్పుడు వినేది. చప్పుడు ఆగితే, "చచ్చిపోయిందా ఏంటి?" అని నన్నే అడిగేది. నేనేం చెప్పను? చివరికి రుచి చూసి, మొహం వంకర్లు పెట్టి, "అబ్బ, ఎంత పులుపో!" అని కూలబడింది.

ఎండలు ముదిరాయి. రసం వెనిగరైపోతుందేమోనని వంటింటి ఫ్రిజ్‌లో అరలు పీకేసి నన్ను కూర్చోబెట్టింది. వంట చేసే జోజమ్మ సణిగింది. "ఇదేం చోద్యం సిస్టరుగారూ! వంకాయలకి ఎండా, సీసాకి చలవా?"

కొన్నాళ్లకి తలుపు తీసిన శౌరమ్మ కొయ్యబారిపోయింది. నా లోపలి గోడల నిండా తళతళలాడే పలుకులు.

"అయ్యో దేవుడా, సీసా చిట్లింది! గాజు రాలింది!"

మదర్ వచ్చి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఎవరి గొంతులోనైనా దిగితే? పారబొయ్యి. రేపు పందిరి సంగతి చూద్దాం."

నిజంగానే చిట్లానా? నాకే అనుమానం వచ్చింది. మనుషులకి ఒళ్లు తెగితే నొప్పి తెలుస్తుందట. మాకు ఆ సదుపాయం లేదు.

శౌరమ్మా జోజమ్మా కలిసి నన్ను పెరట్లో తూము దగ్గరికి మోశారు. శౌరమ్మకి పారబొయ్యడానికి చేతులు రాలేదు. రబ్బరు గొట్టంతో రసాన్ని స్టీలు బిందెలోకి తీసింది. గరిటె కాడతో నా లోపల గీకి, ఒక పలుకు అరచేతిలోకి రాల్చుకుంది. వేళ్ల మధ్య నలిపింది. ఆ తర్వాత నాలుక మీద పెట్టుకుంది.

"వద్దు సిస్టరుగారూ!" జోజమ్మ కేక పెట్టింది.

నా ప్రాణం నాలో లేదు. అది నా ముక్కే అయితే?

ఆవిడ కళ్లు మూసుకుని చప్పరించింది. మొహం వంకర్లు పోయింది.

"పులుపు జోజమ్మా! గాజు కాదు. రసంలో పులుపే చలికి విడిపోయి ఇట్టా గడ్డకట్టింది!"

బిందెలోంచి ఒక గుక్క తాగింది. ఈసారి మొహం మామూలుగానే ఉంది. గ్లాసులో ఇంత పోసుకుని, కళ్లు తుడుచుకుంటూ మదర్ గదికి పరుగెత్తింది. కాసేపటికి లోపల్నుంచి మదర్ గొంతు వినిపించింది. "బాగానే ఉందే! పందిరికి కొత్త కర్రలు వేయించు."

నేను తూము పక్కనే ఉండిపోయాను. నాకు పగులు లేదని నేను తెలుసుకోలేకపోయాను. అది తేల్చడానికి ఆవిడ తన నాలుకని పణంగా పెట్టింది.